దొంగగాలి

స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, అతను కళ్లు మూసుకున్నాడు. నాలుగు ఇంజెక్టర్లూ టిక్కుటిక్కుమంటూ వరస తప్పకుండా పెట్రోలు చిమ్ముతున్నాయి. వాటిలో దోషం లేదు. దోషమంతా ఐడ్లింగ్‌లో ఉంది. బండి కదలకుండా ఉండగానే ఇంజిన్ వేగం పెరుగుతోంది, తగ్గుతోంది, ఆగబోయి మళ్లీ లేస్తోంది. ఏదో చెప్పబోయి మింగేసే మనిషిలా ఉంది.

"ఏమంటోంది చెవిగారూ?" పక్కషాపు టైర్లాయన కేకేశాడు.

"నీ టైర్లు కొనొద్దంటోంది."

ఇంజిన్ మీద చెవి పెడితే జబ్బు చెప్పేస్తాడని ముప్పై ఏళ్లుగా అందరూ అతన్ని అలాగే పిలుస్తున్నారు. ఒకప్పుడు ఆ పేరంటే కాలరెగరేసుకునేంత గర్వం. పదకొండేళ్లుగా మాత్రం ఎవరు పిలిచినా దెప్పినట్టే ఉంటుంది.

కారు తెచ్చినామె బట్టలు కుడుతుంది. మెడలో టేపు తియ్యడం మరిచి అలాగే వచ్చేసింది.

"కొని మూడు నెలలైంది మేస్త్రిగారూ. ఎన్ని చేతులు మారిందో ఏమో, ఏళ్ల తరబడి మూలపడి ఉందట. అన్నిచోట్లా బుద్ధిగానే ఉంటుంది. నీళ్లట్యాంకు పల్లం దిగి కూడలికి రాగానే ఆగిపోతుంది. బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది. వెనక సీట్లో మా పాప ఉంటుంది."

"ఎప్పుడూ అక్కడేనా?"

"అక్కడే. ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు."

అతను స్క్రూడ్రైవర్ దించాడు. ఆ కూడలి మీదుగా వెళ్లకుండా ఉండటానికి పదకొండేళ్లుగా రోజూ అరమైలు చుట్టు తిరిగి ఇంటికి వెళ్తున్నాడు.

ఇంజిన్ వేడెక్కి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్ స్క్రూ ముట్టుకోకూడదన్నది అతని నియమం. నించునే ఉన్నాడు. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. తలగడ సరిగ్గా లేదని భార్యతో అన్నాడు. "తలగడ కాదు, తల చూపించుకో" అందామె. ఫ్యాను మొదటిసారి తిరిగి ఆగింది. రెండోసారీ ఆగింది.

స్క్రూ తలమీది మురికిని గుడ్డతో తుడిచాడు. మురికి కింద గులాబీరంగు చుక్క కనబడింది.

ఆ చుక్క తనదే. సరిచేసిన ప్రతి స్క్రూ మీదా అతనొక చుక్క పెడతాడు. తర్వాత ఎవరైనా తిప్పితే చుక్క చిట్లి తెలిసిపోతుంది. ఆ రంగు భార్య గోళ్లరంగు. "నా గోళ్లకంటే నీ స్క్రూలకే సోకెక్కువ" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. ఈ చుక్క చిట్లలేదు. గోటితో బానెట్ అంచు గీకాడు. తెల్లరంగు కింద నీలం.

సరిగ్గా అప్పుడే ఇంజిన్ దానంతటదే ఆగింది.

ఆ నీలం కారు డ్రాయింగు మాస్టారిది. పదకొండేళ్ల కిందట ఆ రోజు కూడా ఇదే చెవితో విన్నాడు. ఇంజిన్ కింద ఎక్కడో, లెక్కలోకి రాకుండా సన్నగా దూరుతున్న దొంగగాలి. అది పీల్చి ఇంజిన్ అరుస్తోంది. అది దూరే పగిలిన పైపు దొరకాలంటే సగం ఇంజిన్ విప్పాలి. ఆకలిగా ఉంది. అసలు గాలి వచ్చే దారిలోని స్క్రూను పూర్తిగా బిగించి, అరుపు తగ్గించి, పైన చుక్క పెట్టి పంపేశాడు. మర్నాడు పల్లం దిగిన కారు కూడలి నడుమ ఆగిపోయింది. లారీ ఆగలేదు. బ్రేకులు పోయాయన్నారు, రాత అన్నారు. అతన్ని ఎవరూ అడగలేదు, అతను భార్యకైనా చెప్పలేదు. విన్నాడు, విని వదిలేశాడు. అదే అతన్ని తినేస్తోంది.

ఇప్పుడు ఆ కారు వెనక సీట్లో ఒక పాప కూర్చుంటోంది.

సగం ఇంజిన్ విప్పాడు. చూడకుండానే చెయ్యి సందులోకి దూరి, నేరుగా పగిలిన పైపు మీదికి వెళ్లింది. కొత్త పైపు వేసి, అన్నీ బిగించి, మళ్లీ వేడెక్కించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక స్క్రూ వదులుచేశాడు. ఇంజిన్ వేగం చూపే ముల్లు ఎనిమిది వందల దగ్గర నిలబడింది.

తర్వాత ఆమెకు చెప్పాడు.

"ఈ కారు నా చేతుల్లోనే చెడిందమ్మా. ఆ కూడల్లో దీన్లో ఒక మాస్టారు పోయారు. తప్పు నాది."

ఆమె మెడలోని టేపు తీసి చుట్టలా చుట్టింది, మళ్లీ విప్పింది. "అయితే ఎక్కండి" అంది. "నా పక్కన కూర్చోండి. ఆ పల్లం ఇద్దరం దిగుదాం."

"చుక్క పెట్టరేం?" అని టైర్లాయన అడిగాడు.

"కూడలి దాటాక పెడతాను."

గోళ్లరంగు సీసా డాష్‌బోర్డు మీద పెట్టి ఎక్కాడు.

ఎండ ఇంకా ఉంది. నీళ్లట్యాంకు దాటి పల్లం దిగారు. కూడలి దగ్గర ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఇంజిన్ వేగం పడింది, ఇంకా పడింది, పడి నిలబడింది. కారు ఆగినా ఇంజిన్ ఆగలేదు.

అతను అద్దంలో ఖాళీగా ఉన్న వెనక సీటు చూశాడు.

"ఇక దిగండి మాస్టారూ" అన్నాడు మెల్లగా.

వెనక తలుపు తెరిచి ఉందని చెప్పే ఎర్రదీపం వెలిగి ఆరింది. ఆమె గిరుక్కున తిరిగింది. తలుపు వేసే ఉంది.

"ఎవరితో అంటున్నారు?"

అతను కిటికీ అద్దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజిన్ వింటున్నాడనుకుందామె. తీర్పు కోసం ఊపిరి బిగబట్టి చూసింది. వెనక హారన్లు మోగాయి. "ఆగలేదండీ, చూశారా" అంటూ అతని చెయ్యి తట్టింది. ఆ చెయ్యి ఒళ్లోంచి జారి పక్కకు వాలింది.

ఇంజిన్ ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. డాష్‌బోర్డు మీద, మూత తియ్యని గులాబీరంగు సీసా ఆ నడకకు సన్నగా వణుకుతోంది.