ఈశాన్యం వెంట పోయే కిటికీ

మా విమానానికి ఒకటే కిటికీ. అది ఈశాన్యంలో ఉంటుంది. విమానం తిరిగినప్పుడల్లా లేచి కొత్త ఈశాన్యానికి నడిచిపోతుంది.

తప్పు నాదే. మండపేటలో పాతికేళ్ళుగా వాస్తు చూస్తున్నాను. సీట్ల పటం చూడగానే అలవాటు కొద్దీ పైభాగం ఉత్తరం అనుకున్నాను. ముందు వైపు కుడి మూల ఎంచి, మొదటి వరసలో ఎఫ్ సీటు అక్కకి తీశాను. విమానం ముక్కు ఎప్పుడూ ఉత్తరానికే ఉండదని నాకు తట్టలేదు. ఇంతవరకు నేను చూసిన ఇళ్ళేవీ కదల్లేదు మరి.

మా అక్క రత్నమాణిక్యం లంకలో బడి పంతులమ్మ. ముప్ఫై ఏళ్ళు పడవ మీద గోదావరి దాటింది. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికన్నుకి రేపు హైదరాబాదులో ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. పడవలోంచి ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే చూశానురా, ఒక్కసారి పైనుంచి మొత్తం గోదావరిని చూపించు అంది.

ఇప్పుడు ఆమె పక్కన నున్నటి తెల్లగోడ ఉంది.

"ఏరా, ఏవీ అవుపించట్లేదు. ఇదీ పోయిందా?" అని కన్ను నులుముకుంటుంది.

"కన్ను కాదక్కా, కిటికీ పోయింది."

ఎయిర్‌హోస్టెస్‌ని పిలుస్తాను. ఆమె టికెట్టు చూసి, "మీరు అడిగిన మూలే ఇచ్చామండీ. మూల వెళ్ళిపోతే మేమేం చేస్తాం?" అంటుంది మర్యాదగా.

విమానం పడమరకి పోతోంది కాబట్టి కిటికీ వెనక కుడి మూలకి చేరింది. అక్క చెయ్యి పట్టుకుని అటు నడుస్తాను. పదో వరస తర్వాత మళ్ళీ పదో వరసే వస్తుంది. అలాంటివి నాలుగు దాటి చివరికి చేరేసరికి విమానం దక్షిణానికి మళ్ళుతుంది. కిటికీ నా కళ్ళెదుటే లేచి, జనం మోకాళ్ళు తప్పించుకుంటూ ఎడమవైపుకి పోతుంది. అక్కడున్నాయన ఓసారి తొంగిచూసి, "ఏవుందండీ, నీళ్ళేగా" అని తెర దించేసి నిద్రపోతాడు.

నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయన మీదుగా వంగి తెర ఎత్తుతాను. విమానం అప్పటికే మళ్ళీ తిరిగింది. తెర వెనక తెల్లగోడే.

ఎంతమంది చేత వంటిళ్ళు పడగొట్టించి మళ్ళీ కట్టించానో! ఒక్కరికీ నా శాస్త్రం ఇంత కచ్చితంగా పనిచెయ్యలేదు. దీని మొహం మండ, ఇవాళే పనిచెయ్యాలా?

అక్కని అక్కడే ఉండమని, ముందుకెళ్ళి పైలట్ గది తలుపు బాదుతాను.

"కాసేపు తిప్పకుండా ఉండండి బాబూ!"

"గోదావరే వంకర్లు తిరుగుతుంటే నేనేం చేసేదండీ?" అంటుంది లోపలి గొంతు. "నేను దాని వెంటే పోతున్నాను."

"అయితే ఇంకా కిందే ఉందా?"

"ఆయ్. ఇంకో రెండు నిమిషాలుంటదండి."

వెనక్కి తిరిగేసరికి అక్క మళ్ళీ మొదటి వరసకి వచ్చేసి తన సీట్లో కూర్చుని ఉంది. "ఇహ తిరగలేన్రా. కూచో" అంటుంది.

కోపంతో ఏడుపొస్తుంది నాకు. "పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్నడిగింది ఇదొక్కటే అక్కా. ఇదీ చెయ్యలేకపోయాను."

ఆమె కుడికన్ను కొసలోంచి నీరు మొదలవుతుంది. కన్నీరు కాదు, ఎర్రటి వరద నీరు. ముక్కు పక్కన పాయలుగా చీలి, మధ్యలో ఇసుక తిన్నెలు వదిలి, చెంప నిండా వెడల్పవుతుంది. లంకలు, అరటితోటలు, రేవులో కట్టేసిన పడవలు కనిపిస్తాయి. గోదావరిని నేను కూడా ఇంత మొత్తంగా ఎప్పుడూ చూడలేదు.

"వచ్చిందా?" అంటుంది అక్క, కదలకుండా. "ఎలా ఉందో చెప్పు."

"నిండుగా ఉంది."

"బడి మునగలేదు కదా?"

"లేదక్కా. పిల్లలు మెట్ల మీద కూచున్నారు."

దవడ ఎముక మీద వంతెన లేస్తుంది. రైలు నెమ్మదిగా వస్తుంది. పెట్టె గుమ్మంలో నిలబడ్డ ఒకావిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, నీళ్ళలోకి రూపాయి బిళ్ళ విసురుతుంది. అది పడినచోట అక్క చెంప చిన్నగా సొట్టపడుతుంది.