ప్రూడెన్స్ మేత

అట్టపెట్టెను గుండెకు హత్తుకుని హంఫ్రీ బస్సు దిగేసరికి వాన వెలిసింది. పొద్దున వెళ్ళేటప్పుడు పట్టుకున్న వాన వచ్చేటప్పటికి వదిలిపెట్టింది. ఆ మాత్రం దయ చాలనుకున్నాడు. పెట్టెలో పాత స్వెటర్ మీద, చనిపోయిన ఆయన భార్య మ్యూరియల్ చిన్నప్పటి నుంచి పెంచుకున్న తాబేలు, ప్రూడెన్స్, తల లోపలికి ముడుచుకుని కూర్చుంది.

చలికాలమంతా, ఆ జాతి తాబేళ్ళన్నీ చేసినట్టే, మేత మానేసి అది నిద్రపోయింది, చల్లదనం హెచ్చుతగ్గులు కాకుండా గరాజులోని పాత ఫ్రిజ్‌లో. ప్రతి చలికాలమూ అక్కడే నిద్రపోతుంది. అప్పుడప్పుడు తలుపు తీసి లోపలికి గాలి ఆడనివ్వడం మ్యూరియల్ పని. ఈ ఏడాది ఆ పని హంఫ్రీ మీద పడింది. తలుపు తీసి, “ఉన్నావా?” అని అడిగేవాడు. జవాబు వచ్చేది కాదు. అయినా అడగడానికి ఇంట్లో ఒకరుండడమే బాగుండేది.

వసంతం రాగానే నిద్రయితే లేచింది గానీ, వానలకు బయట వదల్లేక తోటలోంచి కోసి తెచ్చిన మేత ముట్టలేదు. గోరువెచ్చటి నీళ్ళలో స్నానం చేయించినా, దీపం కింద వెచ్చగా కూర్చోబెట్టినా, నోరు తెరవలేదు. అందుకే ఇవాళ పశువైద్యురాలు నెరిస్ దగ్గరికి తీసుకువెళ్ళాడు.

“నోరు బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి,” అందావిడ తాబేలును తిరగేసి మరగేసి చూసి. “కానీ ఈ ఖాళీ కడుపుతో ఎక్కువ రోజులు లాగలేదండీ. సోమవారం లోపల తనంతట తాను తింటే సరే. లేకపోతే గొంతులోకి గొట్టం వేసి ఆహారం పట్టాలి. ఈ వయసులో గొట్టమంటే, తట్టుకుంటుందని నేను మాటివ్వలేను.” హంఫ్రీ ముఖం చూసి గొంతు తగ్గించింది. “రేపూ ఎల్లుండీ ఎండ కాస్తుందట. తోటలో వదిలి చూడండి. కలుపుందా మీ తోటలో?”

“కలుపుకేం, బోలెడుంది!” అన్నాడు హంఫ్రీ, జీవితంలో మొదటిసారి ఆ మాట గర్వంగా.

నిజంగానే బోలెడుంది. చలి తగ్గినప్పటి నుంచి ఆయన గడ్డికోత యంత్రం బయటికి తీయలేదు. డాండెలియన్ పూలు పసుపు బిళ్ళల్లా పరుచుకున్నాయి. మూడేసి ఆకుల క్లోవర్ గుబురుగా లేచింది. ఈనెలు తేలిన వెడల్పాటి ప్లాంటేన్ ఆకు, విరిస్తే పాలు కారే ముళ్ళాకు, అన్నీ నవనవలాడుతూ ఉన్నాయి. ఏది పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో మ్యూరియల్ ఆయన వెంటపడి మరీ నేర్పింది. తాబేలుకు విషమని పెట్టకూడనివి ఆవిడ పూల కోసం గోడవారన పాదులో వేసుకుని, ప్రూడెన్స్ అటు పోకుండా చుట్టూ చిన్న కంచె కట్టేది.

పెట్టెతో గేటు తోశాడు. తోశాక అలాగే నిలబడిపోయాడు.

“కళ్ళు మూసుకోమందామనుకున్నా, ముందే చూసేశారా!” అని మేవిస్ తోటలోంచి చేతులూపింది. పక్కింటావిడ. మోకాళ్ళ దాకా బురద, చెంపమీద మట్టి మరక. ఆవిడ భర్త క్లైవ్ పారకు ఆనుకుని వగరుస్తున్నాడు.

తోటలో కలుపు లేదు. ఒక్క మొక్క లేదు. దువ్వినట్టున్న తడి మట్టి, పొట్టిగా కత్తిరించిన గడ్డి. కంచె కూడా లేదు. మేవిస్ కంటికి పువ్వని తోచినవి మాత్రం మిగిలాయి. తెల్లటి గంటలతో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, ఎండబోతున్న డాఫొడిల్ ఆకులు, నూగు ఆకులతో ఫాక్స్‌గ్లవ్, మూలన రోడొడెండ్రాన్ పొద. మ్యూరియల్ పెట్టకూడదన్నవన్నీ అక్కడే ఉన్నాయి, వరసగా, కడిగిన ముఖాల్లా మెరుస్తూ. పెట్టొచ్చన్నది ఒక్కటీ లేదు.

“రేపు తోటల పండగ కదా,” అంది మేవిస్. ఏడాదికొకసారి ఊళ్ళో అందరూ తోటల గేట్లు తెరిచి, చూడవచ్చిన వాళ్ళకు టీ, కేకు పెట్టి, చర్చి పైకప్పుకు విరాళం పోగుచేసే రోజది. “మ్యూరియల్ పోయాక మీకు చేతులు రాలేదని మాకు తెలుసు. ఆవిడ తోట అలా బోసిపోకూడదని... ఆ కంచె కూడా తీసేశాం, పూలకు అడ్డంగా ఉంది. కలుపంతా చెత్తబండి వాడు పట్టుకుపోయాడు. ఏం హంఫ్రీ గారూ, బాగుందా?”

బాధపడతాడేమోనని వాళ్ళు ముందు అడగలేదు. ఇప్పుడు నొచ్చుకుంటారేమోనని ఈయన చెప్పలేకపోయాడు. ఆ ఊళ్ళో మర్యాదంటే అదే. పైగా వానలో మోకాళ్ళ మీద కూర్చుని, మ్యూరియల్ కోసం...

“ఎంత... ఎంత నీటుగా ఉంది,” అన్నాడు. “చాలా థాంక్స్.”

మేవిస్ కళ్ళు తుడుచుకుంది. మట్టి మరక రెండో చెంపకు కూడా అంటింది.

మర్నాడు పొద్దున్నే ఎండ వచ్చింది. హంఫ్రీ లెట్యూస్ ఆకులు సన్నగా తరిగి పెట్టాడు. ప్రూడెన్స్ ముఖం తిప్పుకుంది. కీరాదోస పెట్టాడు. ఈసారి ముఖమే కాదు, వీపు తిప్పుకుంది. రోడ్డువారన డాండెలియన్లు కనిపించాయి గానీ, అవి ఊళ్ళో కుక్కలన్నీ కాలెత్తే చోటు, పైగా మొన్ననే కలుపు మందు కొట్టారు. ఇక తప్పదనుకుని పక్కింటి తలుపు కొట్టాడు.

మేవిస్ తోట ఊరికే తలమానికం. గడ్డి తివాచీలా ఉంటుంది, దాని అంచు గీత గీసినట్టుంటుంది. ఆవిడ టీ కప్పుతో తలుపు తీసింది. వెనక బల్ల దగ్గర క్లైవ్ పేపరు చదువుకుంటున్నాడు.

“మేవిస్ గారూ, చిన్న సాయం. మీ తోటలో కలుపేమైనా ఉందా?”

కప్పు గాల్లో ఆగింది. “ఏమన్నారు?”

“కలుపండీ. కొంచెమైనా ఫరవాలేదు.”

“నా తోటలోనా!” అంది మేవిస్. “ఇవాళ! నా గుమ్మంలో నిలబడి!”

పేపరు వెనక క్లైవ్‌కు పొలమారింది.

హంఫ్రీ ఇక దాచలేక విషయం చెప్పాడు, నెరిస్ అన్న సోమవారం మాటతో సహా. మేవిస్ మెల్లగా మెట్టు మీద కూలబడింది.

“అయితే నిన్న నేను పీకి పారేసింది... దాని భోజనమా?”

“పొద్దుటి ఫలహారం కూడా,” అన్నాడు హంఫ్రీ సిగ్గుపడుతూ.

“మరి థాంక్స్ ఎందుకు చెప్పారండీ? నాలుగు తిట్టొద్దూ!”

“మీరు అంత కష్టపడి, వానలో మోకాళ్ళ మీద...”

“మోకాళ్ళు నావి. తిట్టాల్సింది మీరు. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి!” అని మేవిస్ లేచింది. లేచిందంటే ఇక కూర్చునే మనిషి కాదు. టోపీ పెట్టుకుని, చర్చి ముందు టికెట్లు అమ్మే బల్ల దగ్గరికి నడిచింది. టికెట్ కొన్న ప్రతివాళ్ళకూ ఒకటే మాట. “తాబేలుకు మేత కావాలి. మీ ఇంట్లో మందు కొట్టని కలుపుంటే గుప్పెడు తెచ్చి హంఫ్రీ గారికివ్వండి.”

పదకొండు కొట్టేసరికి హంఫ్రీ తోటలోకి జనం రావడం మొదలైంది. ప్రతివాళ్ళ చేతిలోనూ ఆకులు. ఒక్కరు కూడా మా తోటవి అని నేరుగా అనలేదు.

“మా పక్కింటివండీ. గోడ దూకి ఇటొచ్చాయి.”

“మా అక్కావాళ్ళ పెరట్లోవి. ఆవిడకు శుభ్రం తక్కువ.”

“మా ఆవిడ ఊళ్ళో లేదు, అందుకని ఒక్క మొక్క... ఒక్కటే సుమండీ.” ఆ ఒక్క మొక్కా బకెట్టు నిండా ఉంది.

హంఫ్రీ బల్ల వేసుకుని ఏరడానికి కూర్చున్నాడు. పెట్టదగ్గవి పళ్ళెంలోకి, పెట్టకూడనివి బుట్టలోకి.

“ఇది క్లోవర్, మంచిదే, కానీ కొంచెం చాలు. ఇది ప్లాంటేన్, భేష్. ఇదీ పసుపు పువ్వే గానీ డాండెలియన్ కాదండీ, గ్రౌండ్‌సెల్. కాలేయాన్ని పాడుచేస్తుంది. ఇది బటర్‌కప్, తింటే నోరు పొక్కుతుంది.”

“ఇటిచ్చెయ్యండి, మా ఆయన సలాడ్‌లో వేస్తా,” అందొక పెద్దావిడ. పక్కనున్న పెద్దాయన, “ఇన్నేళ్ళూ వేసింది మాత్రం ఇది కాదా ఏంటి?” అన్నాడు. తోట తోటంతా గొల్లుమంది. ఆ పెరట్లో అంత నవ్వు వినబడి ఎంతకాలమైందో హంఫ్రీకి గుర్తు రాలేదు.

ఎండ వెనక మెట్టు మీదికి వచ్చింది. మ్యూరియల్ టీ తాగే మెట్టు. హంఫ్రీ ప్రూడెన్స్‌ను తెచ్చి పళ్ళెం ముందు దింపాడు. అందరూ మాటలాపి వంగి చూశారు. ముడతల మెడ మెల్లగా బయటికి వచ్చింది. నల్లపూస కళ్ళు తెరుచుకున్నాయి. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. డాండెలియన్ల కుప్ప ఎక్కి, కుప్ప దిగి, పళ్ళెం దాటి, తిన్నగా గోడవైపు బయల్దేరింది.

“ఎక్కడికే తల్లీ?” అంది మేవిస్.

తాబేలు నెమ్మదని అనుకునేవాళ్ళు ఆకలేసిన తాబేలును చూసి ఉండరు. హంఫ్రీ అందుకునేలోపల అది పూల పాదు చేరి, లిల్లీ ఆకు ముందు తల ఒరగేసి నోరు తెరిచింది. ఆయన ఒక్క ఉదుటున వెళ్ళి పైకెత్తాడు. కాళ్ళు గాల్లో ఈదుతున్నాయి. జనం “అయ్యో” అన్నారు.

హంఫ్రీ మాత్రం కదలకుండా నిలబడ్డాడు. అది నోరు తెరిచింది! ఇన్నాళ్ళకు! కోసి పెట్టినదానికి తెరవలేదు, నేలలో ఉన్నదానికి తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. మ్యూరియల్ దానికెప్పుడు పళ్ళెంలో పెట్టింది గనుక? గడ్డిలో దింపి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చునేది. ప్రూడెన్స్ ఆకును పట్టి, కాళ్ళు తన్నిపెట్టి, లాగి తెంపుకునేది. లాగితే ఎదురు లాగే ఆకు కావాలి దానికి.

“దీనికి వేరున్న మొక్క కావాలి. నేలలో నిలబడ్డది,” అన్నాడు.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తెచ్చిన గుప్పెళ్ళు సరే, తోటల పండగ రోజున ఊళ్ళో నిలబడి ఉన్న కలుపు ఎక్కడుంటుంది? వారం రోజులుగా అందరూ పీకింది అదే కదా.

క్లైవ్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“మా షెడ్డు వెనక ఉందోయ్ హంఫ్రీ.”

“ఏ షెడ్డు?” అంది మేవిస్.

“మనకున్నది ఒకటే కదే.”

“దాని వెనక ఎరువు గుంట ఉందన్నావు! అటు రావద్దు, వాసనన్నావు!”

“గుంట ముందుంది,” అన్నాడు క్లైవ్ బూట్ల వైపు చూస్తూ. “దాని వెనక... వైన్‌కని కొన్ని డాండెలియన్లు...”

క్లైవ్ డాండెలియన్ పూలతో వైన్ కాయడం మానేశాడని ఊరంతా అనుకుంటోంది. అల్మారాలో సీసాలు పులిసి పేలి, మేవిస్ ఉతికి పెట్టిన చర్చి తెల్లబట్టల మీద పడినప్పుడు, ఇక కాయనని ఆవిడ ఒట్టు వేయించుకుంది.

“మనం తర్వాత మాట్లాడుకుందాం,” అంది మేవిస్. “ముందు నడు!”

ప్రూడెన్స్‌ను ఎత్తుకుని హంఫ్రీ ముందు, తలవంచుకుని క్లైవ్ పక్కన, ఆ వెనక మేవిస్, మేవిస్ వెనక టికెట్ కొన్న జనమంతా. గీత గీసిన గడ్డి అంచులు దాటి, గులాబీలు దాటి, ఎరువు గుంట దాటి, షెడ్డు వెనక్కి మళ్ళారు.

అక్కడ నేల కనపడలేదు. గోడ నుంచి గోడ దాకా పసుపు. తేనెటీగలు ఝుమ్మంటున్నాయి.

“కొన్ని అంటే ఇవా?” అంది మేవిస్.

హంఫ్రీ పూల మధ్య ప్రూడెన్స్‌ను దింపి, ప్యాంటు సంగతి మర్చిపోయి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ఉన్నావా?” అన్నాడు మెల్లగా. తాబేలు మెడ చాచింది. ఆకును ముక్కుతో తాకింది. తల ఒక పక్కకు ఒరగేసింది. నోరు తెరిచి పట్టింది. ముందరి కాళ్ళు తన్నిపెట్టి లాగింది.

పుటుక్కుమంది.

ఆ చిన్న చప్పుడు వెనక నిలబడ్డ వాళ్ళకు కూడా వినిపించింది. నమిలింది, మింగింది, ఇంకొకటి పట్టింది. ఒక పసుపు రేకు గడ్డానికి అంటుకుంది. ఎవరో చప్పట్లు కొట్టబోతే మేవిస్, “ష్, తింటోంది!” అని కసిరింది. కసిరి తనే ముక్కు చీదింది.

వెనకవాళ్ళు ముందుకు తోసుకుంటున్నారు. “మేమూ టికెట్ కొన్నాం!” అన్నారెవరో. మేవిస్ వాళ్ళవైపు తిరిగి నిటారుగా నిలబడింది. “తోసుకోకండి, ఒక్కొక్కరే రండి. ఇది మా మేత తోట. క్లైవ్ పెంచుతున్నాడు.” తర్వాత మొగుడి చెవి దగ్గర, “సీసాలు ఎక్కడ దాచావు?”

“ఏ సీసాలు?”

“తీసుకురా. ఇవాళ టీ చాలదు.”

క్లైవ్ వయసు మర్చిపోయి షెడ్డులోకి పరిగెత్తాడు.

ప్రూడెన్స్ ఆ మొక్క ముగించి పక్క మొక్కకు జరిగింది. హంఫ్రీ కూడా మోకాళ్ళ మీదే దాని వెంట జరిగాడు.