వెలుగు తగ్గించిన టీవీ

షట్టరు ఇంకా సగమే లేచింది. లోపల అతను అప్పటికే రెండు రిమోట్లు చేతబట్టుకుని టీవీల గోడ ముందు నిలబడ్డాడు. ఎవరూ పేరు వినని కంపెనీ టీవీకి వెలుగు పెంచాడు. తెర మీద చిలక కళ్లు జిగేల్‌మనేలా పచ్చబడింది. పక్కనున్న పేరున్న కంపెనీ టీవీకి తగ్గించాడు. అదే చిలక జ్వరం తగిలినట్టు వాడిపోయింది.

ఆ షాపు పద్ధతి అది. పేరున్నదాని ధర ఊరంతా ఒకటే. అమ్మితే షాపుకి మిగిలేది బొటాబొటి. పేరులేనిదాని మీద మూడోవంతు లాభం. కొన్నవాడి ఇంట్లో గోడకి ఒకటే టీవీ ఉంటుంది, పోల్చి చూసుకోవడానికి రెండోది ఉండదు. ఈ కిటుకు నేర్పిన పెద్ద యజమాని పోయాడు. కుర్చీలోకి కొడుకు వచ్చాడు. కిటుకు మాత్రం మారలేదు.

అతను రేడియోల కాలంలో చేరాడు. సన్నటి మనిషి. రోజంతా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. షాపులో అన్ని మాటలు చెప్పేవాడు ఇంట్లో నోరు మెదపడు. "మాట్లాడాలన్నా కమీషన్ ఇవ్వాలేమో" అంటుంది భార్య.

నిన్ననే యజమాని పిలిచి చెప్పాడు. "బాబాయ్, మీ సెక్షన్లో ఏమీ మిగలట్లేదు. ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకోక తప్పదు." ఈ వయసులో ఇంకో షాపువాళ్లు గడప తొక్కనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం కాకముందే అతని అక్క వచ్చింది. కంటి ఆపరేషనయ్యాక కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు. కళ్లు బాగున్న రోజుల్లో మిషను కుట్టి కూడబెట్టుకున్న డబ్బు చేతిసంచిలో పెట్టుకుని, సంచిని చంకలో ఇరికించుకుంది.

"ఒరేయ్ చిన్నోడా, ఇన్నేళ్లూ టీవీ విన్నానే గానీ చూసిందెక్కడ! ఇదిగో, ఈ చిలక బాగుంది. ఇదివ్వు."

ఆమె చూపించింది పేరులేనిదాన్ని.

"అది వద్దక్కా."

"ఏం, నా డబ్బులు చెల్లవా?"

కౌంటరు దగ్గర యజమాని తలెత్తి చూశాడు. రెండేళ్లు తిరక్కుండా ఆ తెర మీద చారలు పడతాయి. బాగుచేసే మనిషి దొరకడు. ఆ మాట అక్కడ నిలబడి పైకి అనలేడు. అతను రిమోట్ తీసి పక్కదానికి వెలుగు పెంచాడు. వాడిపోయిన చిలక లేచి కూర్చుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇంత మంచిదానికి ముసుగేసి కూర్చోబెట్టావేంట్రా?"

అక్క పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. ఆ టీవీ పెట్టె ఆటోలో పడుకోబెట్టకూడదని డ్రైవరుకి రెండుసార్లు చెప్పి పంపించాడు.

సాయంత్రం జనం వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు పేరున్న కంపెనీ టీవీ దగ్గరికే నడిచారు. వరసగా మూడు బిల్లులు రాయించాక గానీ అతనికి గుర్తు రాలేదు, దాని వెలుగు మళ్లీ తగ్గించలేదని. గబగబా రిమోట్ అందుకున్నాడు. అంతలో చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకాయన అడిగాడు.

"మీ ఇంటికైతే ఏది తీసుకెళ్తారండీ?"

అతను బొటనవేలు మీట మీద నుంచి తీశాడు. తర్వాత రిమోట్ పక్కన పెట్టేశాడు.

"ఇదేనండి."

షాపు కట్టే వేళకి యజమాని పిలిచాడు. గొంతులో కోపం లేదు.

"బాగా అమ్మారు బాబాయ్. ఖర్చులు పోను మిగిలింది టీ నీళ్లకి సరి."

"వెలుగు తగ్గించడం మర్చిపోయాను బాబూ."

"మొదట మర్చిపోయారు, సరే. ఆ పిల్లనెత్తుకున్నాయన అడిగినప్పుడు?"

యజమాని జీతం లెక్క తేల్చి కవరు చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి రెస్టు తీసుకోండి."

"మంచిది బాబూ."

టీవీలన్నీ ఒక్కొక్కటిగా ఆపేసి, చెప్పులేసుకుని, ఎప్పటిలాగే వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. షాపులో మాత్రమే తొడుక్కోవాల్సిన అతని నల్లబూట్లు కౌంటరు వెనక ఉండిపోయాయి, మేజోళ్లు మడిచి లోపల పెట్టి, మడమలు ఒకవైపుకే అరిగి.