మామ్మ అన్న చివరి మాట

దంతాల ఆసుపత్రి కుర్చీలన్నీ తడి ఇసుకలో వరసగా ఉన్నాయి, అల వచ్చి వాటి కాళ్లు తడిపి వెళ్తోంది, అదేమీ వింతగా తోచక దేవిక చేతి తొడుగులు వేసుకుంటూ నడుస్తోంది. చివరి కుర్చీలో, అంగిలి క్యాన్సర్‌తో పోయిన మామ్మ నూకాలమ్మ చేపల తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటే గుంటా, పై సదువుకని నా గురించి ఏటో రాసినావంట. సదువు."

దంతవైద్యం ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ మాటల్లో రాసి పంపమని విదేశీ కాలేజీవాళ్లు అడిగారు. ఆ కాగితం ఎప్పుడు చేతిలోకి వచ్చిందో గాని దేవిక చదువుతోంది: "చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మా మామ్మ, నోరులేని పేదరాలు..."

"ఆగాగు. నాకు నోరు నేదా? నా నోటికి రేవు రేవంతా అదిరిపోయీది కాదేటి?"

దేవిక ఆ ముక్క కొట్టేసి కింది వాక్యానికి వెళ్తోంది. "ఆసుపత్రిలో చివరిసారి నా చెయ్యి పట్టుకుని, పేదలకు వైద్యం చెయ్యమ్మా అంది."

"నానలాగ అన్నేదే."

"మరేమన్నావు మామ్మా? అంగిలి తీసేశాక నీ మాట ఎవరికీ తెలిసేది కాదు. మళ్లీ మళ్లీ అన్నావు. నేను ఊరికే తలూపాను."

"పులుసులో ఉప్పెక్కువైపోనాదన్నాను. నువ్వేమో ఏడుస్తా మళ్లీ అదే పులుసు పోసినావు."

దేవికకు నవ్వొస్తోంది, ఆ నవ్వులోనే కళ్లు మండుతున్నాయి. "ఇప్పుడింత స్పష్టంగా ఎలా మాట్లాడుతున్నావు?"

"నువ్వే కదేటి, అంగిట్లో కన్నానికి అడ్డంగా పలక సేసి పెట్టినావు!"

తను ఎప్పుడు చేసిందో గుర్తు తెచ్చుకునేలోపే నీళ్లు మోకాళ్ల దాకా వస్తున్నాయి, కుర్చీలు తేలుతున్నాయి, మామ్మ తట్ట నెత్తికెత్తుకుని, "బేగి రాసీయి, అబద్దాలు రాయకు" అంటూ అలల్లోకి వెళ్లిపోతోంది.

మెలకువ వచ్చేసరికి ఇంకా పట్టపగలే. పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దేవిక లేచి ఆ రెండు వాక్యాలూ తీసేసింది. వాటి చోట ఇలా రాసింది: "మా మామ్మ అన్న చివరి మాట నాకు అర్థం కాలేదు. అంగిలి పోయినవాళ్లకు మళ్లీ మాట తెచ్చే పలకలు చెయ్యడం నేర్చుకోవాలని ఉంది."

పంపేముందు ఒకసారి పైకి చదువుకుంది. చదువుతుంటే, 'చ' వచ్చిన ప్రతిచోటా నాలుక వెళ్లి తన అంగిలిని తాకడం తెలిసింది.