నెమరు వేయని గుర్రం

బోడగుట్టపల్లిలో ఎద్దు దగ్గినా, బర్రె పాలు తగ్గినా, మేక ఊరికే ఆకాశం వైపు చూసినా మైసయ్యను పిలవాల్సిందే. అతను రావాలి, పశువు చుట్టూ ఒకసారి తిరగాలి, మీసం దువ్వాలి, రోగం పేరు చెప్పాలి. పశువు బతికితే మైసయ్య మందు గొప్పది. చస్తే దాని ఆయుష్షు అంతే. ఇంతకంటే సుఖమైన వృత్తి ఎక్కడన్నా ఉందా, మీరే చెప్పండి! మందుకు కావాల్సిన ఆకు దూసేది, వేరు తవ్వేది, పొగలో కళ్లు మండుతుంటే కషాయం కాచేది మాత్రం అతని భార్య అండాలు. ఆమె పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

జాగీర్లు పోయిన మూడో ఏడు, వానాకాలం చివర్లో ఒక పొద్దున అండాలు గడ్డి కోసుకొద్దామని ఊరి బయటి కుంట వైపు వెళ్లింది. కుంటలో నీళ్లు ఇంకిపోయి బురద మిగిలింది. ఆ బురద కదిలింది. ఎవరిదో బర్రె పొర్లుతోంది కాబోలు అనుకుంది. ఇంతలో బురద తుమ్మింది. దగ్గరికి పోయి చూస్తే పొట్ట దాకా దిగబడిపోయిన గుర్రం! పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఏ జాగీర్దారు మనుషులో పట్నం పోతూ పోతూ, దీనికి ఇక తిండెందుకని వదిలేసి పోయారు. పాపిష్టి ముండాకొడుకులు!

అండాలు కేకలు వేసింది. పక్క చేలో ఉన్న లచ్చయ్య, ఇంకో నలుగురు మోటతాడు పట్టుకుని ఉరికొచ్చారు. లచ్చయ్య హుషారుగా ముందు దూకి తానూ దిగబడ్డాడు. ముందు లచ్చయ్యను లాగి, తర్వాత గుర్రాన్ని లాగారు. ఇద్దరిలో గుర్రమే తక్కువ అరిచింది. అండాలు దాన్ని కడిగి, కుంటుతున్నదాన్ని మెల్లగా నడిపించి, ఇంటి ముందు తమ ఎడ్ల పక్కన కట్టేసింది. ఊరు ఊరంతా వచ్చి మూగింది.

ఆ ఊరికి అంతకు ముందు గుర్రం రాలేదని కాదు. వచ్చేది. దాని మీద జాగీరు మనిషి కూర్చుని వచ్చేవాడు. అతను వచ్చినప్పుడల్లా అందరూ తలలు వంచి నేల చూసేవాళ్లు. కాబట్టి గుర్రం గిట్టలంటే ఊళ్లో అందరికీ బాగా తెలుసు. వాటి పై భాగం సంగతి ఎవరికీ తెలియదు.

మైసయ్యకూ తెలియదు. కానీ అంతమంది ముందు ఆ మాట ఎలా అంటాడు? గుర్రం చుట్టూ తిరిగాడు. మీసం దువ్వాడు. ముక్కు మీద చెయ్యి పెట్టి చూసి, ఉలిక్కిపడ్డట్టు వెనక్కి తీశాడు.

"ముట్టె ఎండిపోయింది. మంచి గొడ్డుకు ముట్టె ఎప్పుడు తడిగుంటది. లోపల జరమున్నది" అన్నాడు.

తర్వాత పై పెదవి ఎత్తి చూశాడు. ఎద్దుకు పైన ముందుపళ్లు ఉండవు. దీనికి వరసగా, పలకల్లా ఉన్నాయి.

"ఓరి నాయినో! పైదవడకు గూడ పండ్లు మొలిచినయి!"

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇగ నెమరు జూడాలె. నెమరేస్తే బతుకుతది. నెమరు లేదంటే లేదు" అని మైసయ్య గుర్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. అతని వెనక ఊళ్లో సగం మంది కూర్చున్నారు. గుర్రం గడ్డి తింది. నలభై జతల కళ్లు దాని దవడ మీదే. గుర్రం నమిలింది, మింగింది, ఊరుకుంది. మింగింది మళ్లీ నోట్లోకి వస్తుందేమోనని మధ్యాహ్నం దాకా చూశారు. పాపం గుర్రానికి కూడా ఏదో తేడాగా అనిపించి వాళ్ల వంకే చూస్తూ నిలబడింది. పక్కింటి సైదమ్మ పొయ్యి మీద పెట్టిన అన్నం మాడిపోయింది గానీ గుర్రం నెమరు వేయలేదు.

మైసయ్య లేచి తుండు దులిపాడు. "నెమరు పోయింది. పండుకుంటలేదు గూడ. ఇది పెద్దరోగం" అన్నాడు.

ఆ మాటతో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అంతకు ముందటేడే పెద్దరోగం వచ్చి, గొడ్లు చచ్చి, ఊళ్లో కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయిపోయాయి. పటేలు దశరథం అక్కడే తీర్పు చెప్పేశాడు.

"మూడు దినాలు సూద్దాం. నెమరేసిందా సరే. లేకుంటే పొలిమేర దాటించి రావాలె. మనూరి గొడ్లకు అంటిందంటే అడుక్క తినాలె మనం."

పొలిమేర దాటితే రాళ్లగుట్టలు, తోడేళ్లు. కుంటి గుర్రం ఎన్నాళ్లు ఉంటుందో చిన్నపిల్లకైనా తెలుసు. జనం వెళ్లాక అండాలు మొగుడి మీద పడింది.

"దానికి తిండి లేదు, కాలు నొస్తాంది. గంతే. రోగమంటవేందయ్యా?"

"నీకేం తెల్సే? మందులు జేసేది నువ్వా నేనా?"

"నేనే! ఇరవై ఏండ్ల సంది ఊరందరి గొడ్లకు కషాయం కాచింది నేనే. ఒక్కటన్న నాదని అన్ననా? గీ ఒక్కటి నాది. దీన్ని పొలిమేర దాటిస్తే ఊకునేది లేదు, చెప్తున్న."

ఆమె అలా మాట్లాడటం మైసయ్య ఎప్పుడూ వినలేదు. గుర్రాన్ని చంపాలని అతనికి మాత్రం ఉందా? నెమరు తెప్పిస్తే పేరూ నిలుస్తుంది, పెళ్లామూ శాంతిస్తుంది. అందుకని తన దగ్గరున్న అన్నింటికన్నా పెద్ద వైద్యానికే దిగాడు. దాన్ని నెమరు అరువు అంటారు. నెమరు పోయిన ఎద్దుకు, బాగున్న ఎద్దు నోట్లోంచి నెమరు ముద్ద తీసి అల్లం కలిపి తినిపిస్తారు. ఎడ్లకు అది చాలాసార్లు పనిచేసింది కూడా.

మొదటి రోజు తమ ఎద్దు సుఖంగా నెమరు వేస్తుంటే దాని నోట్లో చెయ్యి పెట్టి ముద్ద లాగేశాడు. ఎద్దు నిర్ఘాంతపోయి చూసింది. ఆ ముద్ద గుర్రం నోట్లో కుక్కాడు. గుర్రం ఒక్క క్షణం ఆలోచించి, మర్యాదగా, అతని పాదాల మీదే ఉమ్మేసింది.

రెండో రోజు అల్లంతో పాటు మిరియాలు కూడా దంచి కలిపాడు. ఎలా ఉందో చూద్దామని పటేలు అప్పుడే వచ్చి గుర్రం ముందు నిలబడ్డాడు. తెల్లటి కొత్త అంగీ తొడుక్కుని మరీ వచ్చాడు మహానుభావుడు. గుర్రం తుమ్మింది. అల్లం, మిరియాలు, ఎద్దు నెమరు అన్నీ కలిసి అంగీ మీద ముగ్గు వేసినట్టు పడ్డాయి. "ఇది పక్కా పెద్దరోగమే!" అని అరుచుకుంటూ పటేలు బావి వైపు పరిగెత్తాడు.

మూడో రోజు పొద్దున లేచేసరికి అండాలు ఇంట్లో లేదు. మైసయ్యకు అదీ చూసే తీరిక లేదు. గడువు ఆ సాయంత్రమే. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, గుర్రం ఎదురుగా కూర్చుని తానే దవడను అటు పక్కకీ ఇటు పక్కకీ తిప్పుతూ నెమరు వేసి చూపించడం మొదలుపెట్టాడు.

"గిట్ల... జర గిట్లను బిడ్డా. ఏం కష్టం లేదు. లోపలిది పైకి దెచ్చుకోవాలె, నమలాలె."

గుర్రం శ్రద్ధగా చూసింది. చివరికి పై పెదవి పైకి ముడిచి, మెడ చాపి, పళ్లన్నీ బయటపెట్టింది. గోడవతల నుంచి పకపకా నవ్వులు వినిపించాయి. సైదమ్మ, ఆమె ఇద్దరు తోడికోడళ్లు ఎప్పటినుంచి అక్కడ ఉన్నారో! గుడ్డి గుర్రానికి పళ్లు తోమడమంటే ఇదేరా దేవుడా అని మైసయ్య తల పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో గంటల చప్పుడైంది. జట్కా వచ్చి ఆగింది. అందులో దర్జాగా కూర్చుని ఉన్నది అండాలు! కోడి కూయకముందే లేచి నాలుగు కోసులు నడిచి జడ్చర్ల పోయి, స్టేషను దగ్గర జట్కా తోలే లియాఖత్ అలీని బతిమాలి తీసుకొచ్చింది. గుర్రాలతో పుట్టి గుర్రాలతో పెరిగిన మనిషి అతను.

లియాఖత్ అలీ గుర్రం దగ్గరికి నేరుగా పోలేదు. పక్కనుంచి పోయి మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో అన్నాడు. పళ్లు చూసి పదేళ్లుంటాయన్నాడు. చిగుళ్ల మీద వేలు నొక్కి, తెల్లబడి మళ్లీ ఎర్రబడేదాకా చూశాడు. పొట్టకు చెవి ఆనించి తల ఊపాడు. అప్పుడు మైసయ్య గొంతు సవరించుకుని నెమరు సంగతి చెప్పాడు.

లియాఖత్ అలీ అతని వైపు చూశాడు. తర్వాత అండాలు వైపు చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక జట్కా చక్రం పట్టుకుని కింద కూలబడ్డాడు.

"అరె భాయ్! గుర్రం ఏడనన్న నెమరేస్తదా? ముట్టె తడిగుండుడు, నెమరేసుడు గివన్ని ఎద్దుల సంగతి. గుర్రానికి పైపండ్లుంటయి, నిలబడే నిద్రపోతది. అల్లా దాన్ని గట్లనే పుట్టించిండు!"

తర్వాత కుంటుతున్న కాలు ఎత్తి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. అరిగిపోయిన లాడం ఒక పక్క ఊడి, దాని మేకు ఒకటి వంకర తిరిగి గిట్ట అడుగులోకి దిగి ఉంది. పటకారుతో లాగాడు. చీము కారింది. గుర్రం ఒక పెద్ద ఊపిరి వదిలి తల తెచ్చి అండాలు భుజం మీద పెట్టింది.

"పసుపు నూనె వెట్టి కట్టుండ్రి. ఉలవలు ఉడకవెట్టి కొద్ది కొద్దిగ వెట్టుండ్రి. ఆకలిగున్నదని ఒక్కసారే వెడితే కడుపునొప్పితోటి సస్తది. ఇంకేం ఫికర్ లేదు అక్కా" అన్నాడు లియాఖత్ అలీ.

గుర్రం బతికినట్టే అనుకుంటున్నారా? మీకు బోడగుట్టపల్లి సంగతి తెలియదు. సాయంత్రం చావడి దగ్గర అందరూ కూడారు. లియాఖత్ అలీ చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. వాళ్లు విన్నారు. విని, పటేలు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు జట్కా ఎక్కి పోతవు. రోగమొస్తే సచ్చేటియి మా గొడ్లు. మా మైసయ్య నెమరు పోయిందన్నడు. అతను చెప్పిందే మాకు మాట."

అప్పుడు అండాలు వచ్చింది. ఒక చేతిలో గుర్రం తాడు, నెత్తి మీద ఇంత లావు మూట.

"పొలిమేర ఎటు దాటాలె పటేలా? తూర్పుకా, పడమరకా? జల్ది చెప్తే పొద్దుండంగనే పోతం" అంది.

మైసయ్య ముందు తెలివిగానే ప్రయత్నించాడు. లేచి మీసం దువ్వి, "ఫికర్ చెయ్యకుండ్రి. నా మందుకు రోగం దిగింది" అన్నాడు.

"అట్లనా! అయితే నెమరేస్తాందా?" అన్నాడు లచ్చయ్య. అందరూ గుర్రం దవడ వైపు తిరిగారు. గుర్రం తిరిగి చూసింది. దవడ కదల్లేదు.

ఇక అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు మైసయ్య. వేస్తోందంటే అబద్ధం కళ్లెదుటే ఉంది. వేయడం లేదంటే అండాలు పోతుంది. ఇరవై ఏళ్లు సంపాదించిన పేరు ఒక పక్క, నెత్తిన మూటతో నిలబడిన పెళ్లాం ఒక పక్క. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"గుర్రం నెమరెయ్యదు" అన్నాడు. "ఏ గుర్రమూ ఎయ్యదంట. నాకు తెల్వదు. తెల్వకుంటనే రోగం పేరు వెట్టిన. తప్పు నాది, గుర్రానిది గాదు."

లచ్చయ్య ముఖం పాలిపోయింది.

"మరి... పోయినేడు నా ఎద్దుకు చెప్పింది?"

"ఎద్దు నాకు తెల్సు లచ్చన్నా. బర్రె తెల్సు, మేక తెల్సు. గుర్రం తెల్వదు. ఇంకెన్నిసార్లు చెప్పియ్యాలని ఉన్నది నాతోటి?"

పటేలు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తెలియదని ఒప్పుకున్న మైసయ్యను ఏం చేయాలో ఊరి కట్టుబాట్లలో ఎక్కడా లేదు. చివరికి, "సరే, ఉండనియ్యి. నా అంగీ మాత్రం అండాలే ఉతకాలె" అని లేచిపోయాడు.

ఇంటికి వచ్చాక మైసయ్య చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. అండాలు గుర్రం కాలికి పసుపు నూనె కట్టు కడుతోంది. పక్కనే మూట ఉంది. దించనైతే దించింది గానీ విప్పలేదు. మళ్లీ ఎత్తుకుంటుందేమోనని భయం వేసి తానే లాక్కుని విప్పాడు.

అందులో అండాలుది ఒక్క చీర ఉంది. మిగతావన్నీ అతనివే. రెండు పంచెలు, గొంగడి, చుట్టల కట్ట, చలికాలం నడుంనొప్పికి రాసుకునే నూనె సీసా.

"ఇదేందే? పోయేది నువ్వు గదా. నా బట్టలెందుకు గట్టినవ్?"

అండాలు తల ఎత్తలేదు. "నేను పోతె నువ్వొక్కనివి ఈడ ఉంటవా? పొద్దు గుంకకముందే ఎన్కబడి ఉరికొస్తవు. వచ్చి, నా పంచె ఏదే, నా నూనె ఏదే అని ఆ గుట్టలల్ల నా పానం దీస్తవు. గందుకే అన్ని గట్టిన."

నేనెందుకు వస్తానే అందామని మైసయ్య నోరు తెరిచాడు. చేతిలోని నూనె సీసా చూసి, దాన్ని మెల్లగా కింద పెట్టాడు. లేచి, బిందె చంకన పెట్టుకుని, గుర్రానికి నీళ్లు తేవడానికి బావికి వెళ్లాడు.