తలకిందుల ఏడు

నేను ఒక ఇనప పలకను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. నిజం చెప్పాలంటే ఒక పలకను కాదు, రెండు. నడుమ వెల్డు గీత మా ఇద్దరినీ ఒకటి చేసింది. ఇప్పుడు నా ఒంటి మీద బంగారు రంగు పెయింటు ఉంది. నా కింద ఒక అమ్మాయి పదో తరగతి ఒరిజినల్ మార్కుల లిస్టు ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నన్ను దాని మీద పెట్టారు. సంతకం పడగానే ఆ కాగితం కౌంటరు సొరుగులోకి వెళుతుంది. కోర్సు పూర్తయ్యేదాకా తిరిగి ఇవ్వరు. ఈ మూడు నెలల్లో ఆ సొరుగులోకి ఒరిజినల్స్ వెళ్లడమే చూశాను, బయటికి రావడం చూడలేదు.

గోడ గడియారంలో మూడూ పది.

"ఇక్కడ సంతకం చేసేయండి మేడమ్," అన్నాడు కిశోర్. చింతలగెడ్డ బస్టాండు ఎదురుగా ఉన్న ఈ ప్రైవేటు వెల్డింగు శిక్షణ సంస్థకు అతనే డైరెక్టరు, అతనే గుమాస్తా.

నూకరత్నం పెన్ను పట్టుకుంది గాని రాయలేదు. ఆమెకు ఇరవై మూడేళ్లు. ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు కావాలని ఆమె పంతం. ఆ యార్డు వాళ్లు రెండేళ్ల ఐటీఐ వెల్డింగు సర్టిఫికెట్టు ఉంటేనే అప్రెంటిసుగా తీసుకుంటారు, అదీ ఇరవై ఆరేళ్ల లోపు వాళ్లనే. కిశోర్ ఇచ్చేది ఆరు నెలల కాగితం. దానికీ ఈ ఏడాది నుంచి యార్డులో తిరుగులేదని అతను గంట నుంచీ చెబుతున్నాడు.

"మావయ్యా, గవర్నమెంటు ఐటీఐకే ఓపాలి ఎల్లొద్దుమా?" అందామె.

పక్క కుర్చీలో ఆమె మేనమామ అసిరయ్య. అదే యార్డులో ఇరవై రెండేళ్లుగా వెల్డరు. "ఎన్నిసార్లు సెప్పాలే నీకు? దాలినాయుడు ఫోన్లో సెప్పినాడు గదా, సీట్లు అయిపోనాయని. మెషీన్లు సగం మూలన పడ్డాయట. ఆడక్కడ స్టోర్ కీపరు, ఆడికి తెల్దా? మాదొకే బ్యాచి, ఒకే బెంచీ. నాతోటి అబద్ధం ఆడాల్సిన కర్మ ఆడికేటి?"

మనుషులకు నోరిచ్చి, ఇనుముకు చెవులు మాత్రమే ఇచ్చినవాణ్ణి ఏమనాలో తెలియదు. ఈ పొద్దున్నే కిశోర్ ఫోన్లోంచి ఒక గొంతు వచ్చింది. "ఇంకా మూడు సీట్లున్నాయి. నాలుగింటికి ఆఖరి కౌన్సెలింగు. అందాకా ఆల్లని నీకాడే కూకోబెట్టు. నా కమీసను మర్సిపోకు." ఆ గొంతు నేనెరుగుదును. ఆ మనిషి అరచేతి చెమట కూడా ఎరుగుదును.

ఎలాగంటే, నేను పుట్టింది ఆ గవర్నమెంటు ఐటీఐలోనే. ఆఖరి పరీక్ష నాడు పదిహేడో నంబరు కుర్రాడి చేతికి మా రెండు ముక్కలూ వచ్చాయి. వెల్డు మొదలుపెట్టే ముందు అంచు మీద నంబరు పంచ్ కొట్టాలి. ఒక్కో అంకెకు ఒక్కో ఉక్కు అచ్చు, దాని నెత్తిన ఒక సుత్తి దెబ్బ. ఒకటి సరిగ్గానే పడింది. కంగారులో అచ్చు తిప్పి పట్టుకోవడంతో ఏడు తలకిందులుగా పడింది. పంచ్ దెబ్బకు చెరుపు లేదు. మాస్టారు చూసి, "నంబరే బోర్లా పడింది, ఇక వెల్డు ఎలా పడుకుంటుందో," అని ఎద్దేవా చేశాడు. ఆ కుర్రాడు పళ్లు బిగించి వెల్డింగు రాడ్డు వెలిగించాడు. గీత సగంలో రాడ్డు కరిగి అయిపోయింది. కొత్తది అందుకునేలోగా పక్క బెంచీ కుర్రాడు తన రాడ్డు అందించాడు. రెండో రాడ్డు మొదలైనచోట కందిగింజంత బొడిపె నిలిచిపోయింది. తక్కిన గీతంతా చేప పొలుసుల వరస. ఆ కుర్రాడే చేసిన నా జత పలకను కోసి, వంచి చూశారు. పగుళ్లివ్వలేదు. నన్ను వరండాలోని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇరవై రెండేళ్లు ఆ అద్దం వెనక ఉన్నాను. మూడు నెలల కిందట మిట్టమధ్యాహ్నం తాళం తెరుచుకుంది. ఒక చెమట చెయ్యి నన్ను టిఫిను సంచిలో వేసుకుని ఇక్కడికి తెచ్చింది. ఇక్కడ నమూనాకు చూపించడానికి ఒక్క పలకైనా లేదు మరి. కిశోర్ నాకు బంగారు రంగు కొట్టాడు.

మూడూ ఇరవై రెండు.

"అవునుగానీ బాబూ," అన్నాడు అసిరయ్య, "గంట నుంచి ఇక్కడ కూకున్నాం. లోపల రాడ్డు కాల్తున్న సప్పుడు ఒక్కపాలీ రాలేదేటి?"

"థియరీ క్లాసు జరుగుతోంది సార్."

అబద్ధమని చెప్పలేను. మూడు నెలలుగా థియరీయే జరుగుతోంది. ప్రైవేటైనా ప్రభుత్వమైనా రాడ్డు కాలితేనే పని వస్తుంది. ప్రైవేటు ఐటీఐలో నేర్చుకుని యార్డులో అసిరయ్య పక్కన పనిచేస్తున్న మంచి వెల్డర్లూ ఉన్నారు. వాళ్లు నేర్చుకున్నచోట గోడలు రాడ్డు పొగకు నల్లగా ఉండేవి. ఇక్కడి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి.

కిశోర్ గడియారం చూసుకుని తొందరపడ్డాడు. అక్కడే తప్పు చేశాడు. "అనుమానమైతే మా వాళ్ల పనితనం చూడండి సార్," అంటూ నన్ను ఎత్తి అసిరయ్య చేతిలో పెట్టాడు. "మా డెబ్బై ఒకటో నంబరు స్టూడెంటు చేసింది. నంబరు కూడా ఉంది చూడండి, ఏడు, ఒకటి."

వెల్డరన్నవాడు పలక చేతికొస్తే ముందు కళ్లతో చూడడు. బొటనవేలితో గీతను తడుముతాడు. అసిరయ్య బొటనవేలు గీత మీద నడిచింది. సగంలో బొడిపె తగిలింది. వేలు ఆగిపోయింది.

మెల్లగా నన్ను తిప్పి పట్టుకున్నాడు. ఏడు, ఒకటి కాస్తా ఒకటీ, తలకిందుల ఏడూ అయ్యాయి.

"ఇది డెబ్బై ఒకటి కాదు," అన్నాడు. "పదిహేడు. నా నంబరు. నేను సేసిన ప్లేటు."

కిశోర్ చెయ్యి మార్కుల లిస్టు మీదికి వచ్చింది. అంతకన్నా ముందే నూకరత్నం అరచెయ్యి దాని మీద పడింది.

"తియ్యండి సార్ సెయ్యి," అంది. "ఇంకా సంతకం పెట్టనేదు."

ఆటోలో అసిరయ్య నన్ను ఒళ్లో పెట్టుకుని, ఇది ఐటీఐ బీరువాలో ఉండాల్సిన ప్లేటని మాత్రం చెప్పాడు. నూకరత్నం మార్కుల లిస్టు చేత్తో పట్టుకుని ఒకటే అడిగింది. "ఆ బీరువా తాళం ఎవరికాడుంటాది మావయ్యా?" అతను రోడ్డుకేసి చూశాడు.

మూడూ నలభై తొమ్మిదికి గవర్నమెంటు ఐటీఐ మెట్లెక్కాం. వరండాలో నా బీరువా ఖాళీగా ఉంది. కౌన్సెలింగు గదిలో ప్రిన్సిపాల్ విమల రిజిస్టరు తిప్పి, ఒక పేరు దగ్గర వేలుంచింది.

"నూకరత్నం. సీటు ఉంది. కానీ అభ్యర్థికి ఇష్టం లేదని పోయిన వారమే రాసేసి ఉందమ్మా. మీ వాళ్లే కబురు పెట్టారని ఆఫీసులో అన్నారు."

"నాను సెప్పనేదండి. మాకు సీట్లే లేవన్నారు."

"ఎవరన్నారు? ఆ మనిషి పేరు రాసి ఇవ్వండి, ఈ రాత కొట్టేస్తాను. పేరు లేకుండా నేను దిద్దలేను. నాలుగింటికి లిస్టు పైకి పంపాలి."

ఆ ఫోను వచ్చింది మేనమామకు. స్నేహితుడూ ఆయనకే. నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది.

గుమ్మం దగ్గర తాళాల గుత్తి గలగలలాడి ఆగింది. అక్కడ నిలబడ్డ మనిషి అసిరయ్య చేతిలో నన్ను చూసి, చూపు నేలకు దించాడు. రాడ్డు అయిపోయిననాడు పక్క బెంచీ మీంచి నా మీదికి చాచిన చెయ్యి అది. ఇరవై రెండేళ్ల తరవాత నన్ను టిఫిను సంచిలో వేసుకున్నదీ అదే.

మూడూ యాభై ఏడు.

అసిరయ్య బొటనవేలు నా బొడిపె మీద నిలిచింది.

"మావయ్యా," అంది నూకరత్నం, మెల్లగా. "నా సీటు."

అతను నన్ను బల్ల మీద పెట్టాడు. నంబరు సరిగ్గా కనిపించేలా తిప్పి మరీ పెట్టాడు. గుమ్మం వైపు చూడలేదు.

"రాసుకోండి మేడమ్," అన్నాడు. "సీట్లు లేవన్నదీ, ఈ ప్లేటు అమ్ముకున్నదీ ఒక్కడే. మీ స్టోర్ కీపరు. నా పక్క బెంచీవోడు. దాలినాయుడు."