మెరక

నాకు కోపం ఎక్కువ. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో దాన్ని క్రమశిక్షణ అని చెప్పుకున్నాను. ఎదురు చెప్పేవాళ్ళు లేక ఆ పేరే నిలబడిపోయింది. రిటైరయ్యాక అది ఇంట్లో క్యాథరిన్ మీద పనిచేయలేదు. మా ఆవిడ కూడా టీచరుగా చేసిన మనిషే. అందుకని గోడ అవతలి పెద్దింటయ్య మీద పడింది.

మండవల్లిలో కొల్లేరు పొంగితే నీళ్ళు ముందుగా పలకరించే వీధి మాది. పెరట్లో దక్షిణపు గోడ వార మామిడి చెట్టు ఉండేది. మా నాన్న మిషన్ బళ్ళో మాస్టరుగా చేరిన ఏడు నాటిన చెట్టు. గోడకు అవతల పెద్దింటయ్య రేకుల ఇల్లు. చెట్టు నీడ సగం మాకు, సగం వాళ్ళకు.

పెద్దింటయ్య చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు. కానీ వీధి వీధంతా అతన్ని పిలిచేది చెట్ల పనికి. ఏటా దసరా ముందు, తుఫానుల కాలం ఇంకా రాకుండానే, నడుముకు మోకు కట్టుకుని మా మామిడి ఎక్కేవాడు. నరికేవాడు కాదు, పలచన చేసేవాడు. ఎండిన కొమ్మలూ, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలూ తీసేసి కిందికి దిగి, "గాలికి దారిచ్చానండి. ఇంక కొట్టదు, దాని మానాన అది పోద్ది" అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని తుఫానులు వచ్చిపోయాయో. అతని రేకుల మీద మా చెట్టు కొమ్మ ఒక్కటి పడలేదు.

మూడేళ్ళ కిందట వరద నీళ్ళు మా గడప దాటాయి. వంటింట్లో మోకాలి లోతు. నీళ్ళు తీశాక ఊళ్ళో అందరూ చేసిన పనే నేనూ చేశాను. పెరడు మెరక చేయించాను. మా వైపు మెరకంటే చేపల చెరువులు తవ్విన మట్టే. నల్లగా, జిగటగా ఉంటుంది. ట్రాక్టరు వెనక ట్రాక్టరు తోలించి పెరడంతా మూడడుగులు లేపాను. ఆ మట్టి మామిడి చుట్టూ పడుతుంటే పెద్దింటయ్య గోడ మీంచి చూసి పరుగున వచ్చాడు.

"మాస్టారూ, మొదలు కప్పకండి. చెట్టుకి ఊపిరి అక్కడే ఉంటదండి. చుట్టూ రెండు గజాలు వదిలేసి ఇటుకల కట్టు కట్టించండి. నీళ్ళు పోడానికి ఓ గొట్టం పెడితే చాలండి."

నా పెరట్లో నిలబడి, ట్రాక్టరు వాళ్ళ ముందు, నాకు ఒకడు పాఠం చెప్పడం. నాకు మండిపోయింది.

"చెట్ల డాక్టరు ఎప్పుడయ్యావు పెద్దింటయ్యా? ఏ కాలేజీలో చదివావేంటి?" అన్నాను.

ట్రాక్టరు వాళ్ళు పగలబడి నవ్వారు. పెద్దింటయ్య తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, "చిత్తమండి" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా పెరట్లో అడుగు పెట్టలేదు. నేనూ పిలవలేదు.

మా నాన్నను ఒకసారి పెద్దవీధిలో కామందులు "ఏం చదివావని మాకు చెప్పొచ్చావురా?" అంటూ అరుగు కింద నిలబెట్టారట. ఆ మాట చెబుతూ ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం చిన్నప్పుడు నా కళ్ళతో చూశాను. అదే మాట నా నోట వచ్చిందని తట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నిరుటి వేసవిలో మామిడి విరగకాసింది. ఆకు కనిపించనంత కాపు. నేను గోడ దగ్గర నిలబడి, అవతలికి వినబడేలా, "చూశావా క్యాథరిన్, చెరువు మట్టి బలం!" అన్నాను. అంతటితో ఆగక రెండు బుట్టల కాయలు వాళ్ళింటికి పంపాను. బుట్టలు కడిగి తిరిగి పంపారు.

ఈ ఏడు శ్రావణంలో పెద్దింటయ్య కూతురు లక్ష్మీదుర్గకు కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మా వైపు పట్టింపు. పెద్దింటయ్య మాత్రం పిల్లను తణుకులో అత్తవారింట్లోనే ఉంచేశాడు. వీధిలో వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నేను కొరుక్కోలేదు, పైకే అన్నాను. "కన్న కూతురికి పురుడు పోయలేనివాడు ఊళ్ళో చెట్లు బాగుచేస్తాడట!" క్యాథరిన్ అన్నం వడ్డిస్తున్న గరిట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజుల్లో తుఫాను తీరం దాటుతుందని టీవీలో చెప్పిన పొద్దుటే క్యాథరిన్ పెరట్లోంచి పిలిచింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

మామిడి మొదట్లో పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా లేచి ఉన్నాయి. వానకు వస్తాయిలే అన్నాను. ఆవిడ గునపం తెచ్చి నా చేతికిచ్చింది. మొదలు పక్కన మట్టి తవ్వి గునపం పోటు వేశాను. చెక్కకు తగిలి ఆగాల్సింది. ఆగకుండా జానెడు లోపలికి దిగింది. బయటికి లాగితే కుళ్ళిన వాసన.

తలెత్తి చూశాను. మూడేళ్ళుగా పలచన చేసే దిక్కు లేక కొమ్మలన్నీ కమ్ముకుని తల బరువెక్కి ఉంది. చెట్టు ఎటు ఒరిగిందో తెలియడానికి కాలేజీ చదువు అక్కర్లేదు. నేరుగా రేకుల ఇంటి మీదికి ఒరిగింది.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళలో ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. ఉన్నవి రెండు గదులు. చెట్టు వైపు గది ఖాళీగా ఉంది. మంచాలు, బియ్యం డబ్బాలు, బట్టల పెట్టె అన్నీ రెండో గదిలో ఇరికించి ఉన్నాయి.

"పెద్దింటయ్యా, చెట్టు కుళ్ళిపోయింది."

"ఎరుగుదునండి."

"ఎప్పట్నించి?"

"నిరుడు అంత కాపు కాసినప్పుడే తెలిసిందండి. పోయే చెట్టే అలా కాస్తదండి, ఉన్నదంతా ఇచ్చేసి."

"తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

అతను కిందికి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఏ కాలేజీలో చదివానో మళ్ళీ చెప్పాలి కదండీ."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది.

"అందుకే ఇటు గదిలోకి సర్దుకున్నామండి. పురిటిగదికి ఉన్నది ఆ చెట్టు వైపు గదొక్కటే. పసిగుడ్డుని ఆ చెట్టు కింద ఎలా పడుకోబెట్టనండి? అందుకని అమ్మాయిని తణుకులోనే ఉంచేశాను."

'తప్పయింది' అనే మాట బళ్ళో పిల్లల చేత కొన్ని వేలసార్లు చెప్పించి ఉంటాను. నా అంతట నేను చెప్పడానికి నోరు పెగల్లేదు. రెండోసారికి వచ్చింది. పెద్దింటయ్య అది విననట్టే లేచి, చిలక్కొయ్యకున్న మోకు తీసుకున్నాడు.

"రేపు మధ్యాహ్నానికి గాలి అందుకుంటదంటున్నారు. ఇప్పుడే మొదలెడదామండి."

చెరువుల మీంచి ఇద్దరు మనుషుల్ని పిలిచాడు. చెట్టు నడుముకు రెండు మోకులు వేసి, మా పెరట్లో ఎదుటి వారనున్న కొబ్బరి చెట్లకు బిగించి కట్టించాడు. ఎక్కబోయే ముందు మానుకు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. కుళ్ళిన చెట్టు ఎక్కడం ప్రమాదం కదా అని ఆపబోయాను.

"పైన గట్టిదేనండి. చెడిందంతా మొదట్లోనే" అన్నాడు.

ఒక్కో కొమ్మా కోసి, తాడుతో మా పెరట్లోకి దించారు. మర్నాడు తొలి ఈదురుగాలి రేకులను తడుతుండగా మాను కూడా మా వైపే పడింది. మూడు గంటల తర్వాత తుఫాను వచ్చింది. ఊళ్ళో పదకొండు చెట్లు కూలాయి. పెద్దింటయ్య ఇంటి రేకు ఒక్కటి కదల్లేదు.

వాన వెలిశాక అతను నన్ను మా పెరటి గుమ్మం దగ్గరి వేప చెట్టు వద్దకు తీసుకెళ్ళాడు. "చెట్టు మొదలు పాదంలాగా వెడల్పుగా కనబడాలండి. ఇది చూడండి, కరెంటు స్తంభంలాగా దిగబడిపోయింది. ఇంకా బతికే ఉంది గానీ." పార వద్దన్నాడు, వేళ్ళు తెగుతాయట. నాలుగు రోజులు ఆ చెరువు మట్టి చేత్తో, చిన్న గునపంతో తీశాను. అతను గట్టున కూర్చుని చెబుతుంటే మారుమాట్లాడకుండా విన్నాను. నాలుగో రోజు వేప పాదం బయటపడింది.

తుఫాను పోయిన పదో రోజున లక్ష్మీదుర్గ చంటిపిల్లతో పుట్టింటికి వచ్చింది. ఆటో దిగి, గోడ మీంచి మా పెరట్లోకి చూసి నిలబడిపోయింది. ఆ మామిడి కొమ్మకు ఉయ్యాల కట్టుకుని పెరిగిన పిల్ల.

"చెట్టేదండి మాస్టారూ?"

నేను నోరు విప్పేలోపే పెద్దింటయ్య, "తుఫానుకి పోయిందమ్మా, లోపలికి పద" అన్నాడు.

నా పరువు కాపాడుతున్నాడు. ఊరుకుంటే సరిపోయేది.

"కాదమ్మా" అన్నాను. "తుఫాను రాకముందే పోయింది. మీ నాన్న వద్దంటున్నా వినకుండా మొదట్లో మట్టి పోయించి నేనే చంపాను. నీ కాన్పు పుట్టింట్లో జరగకపోవడానికి కారణం కూడా నేనే. మీ నాన్న కాదు."

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. అతను సంచులు దించుతూ మొహం తిప్పుకున్నాడు. ఆమె బిడ్డ మొహం మీద కొంగు కప్పింది.

"ఎండగా ఉందండి. లోపలికి రండి" అంది.

ఇన్నాళ్ళూ మామిడి నీడలో ఉన్న ఆ గుమ్మంలో నిలబడి ఎవరూ ఎండగా ఉందనడం నేను ఇంతకు ముందు వినలేదు.